2147483647 (ప్రధాన సంఖ్య)

2147483647 ఒక ప్రధాన సంఖ్య. అనగా 1, మరియు ఇదే సంఖ్య తప్ప వేరే ఏ సహజ సంఖ్యా దీనిని శేషం లేకుండా భాగించదు. మన లెక్కలో దీనిని 2,14,74,83,647 అని వ్రాసి, రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అని చదువుతాము. రెండును ముప్పై ఒక్క మార్లు వేసి గుణించి, వచ్చిన ఫలితం నుండి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. కాబట్టి గణితంలో దీనిని 2³¹ − 1 అని వ్రాస్తారు. ఈ రూపంలో ఉండే ప్రధాన సంఖ్యలకు మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అని పేరు. 3, 7, 31, 127, 8191, 131071, 524287 తరువాత ఆ వరుసలో ఇది ఎనిమిదవది.

స్విట్జర్లాండులో జన్మించి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో స్థిరపడిన గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ ఇది ప్రధాన సంఖ్య అని నిరూపించి, ఆ సంగతిని బెర్నౌలీకి వ్రాసిన లేఖలో తెలిపాడు. ఆ లేఖ 1772 నాటిది. అప్పటికి ఆయిలర్ దాదాపు పూర్తిగా చూపు కోల్పోయి ఉన్నాడు. 19వ శతాబ్దపు రెండవ సగం వరకు, ప్రధానమని నిరూపితమైన సంఖ్యలన్నింటిలో పెద్దదిగా దీనికే పేరు. నేడు ఈ సంఖ్య గణిత శాస్త్రవేత్తలకంటె కంప్యూటరు పనివారికే ఎక్కువ పరిచయం. 32 బిట్ల గడిలో గుర్తుతో సహా నిలువ చేయగల అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే.

చదరంగపు గళ్ళు, రెట్టింపు లెక్క

రెట్టింపు లెక్క తెలుగువారికి కొత్తది కాదు. చదరంగాన్ని కనిపెట్టినవాడు రాజును అడిగిన బహుమానం కథ అందరికీ తెలిసినదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపమని అతడు కోరాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందిన సారసంగ్రహ గణితము రచించిన పావులూరి మల్లన 11వ శతాబ్దానికి చెందినవాడు. సంస్కృతంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహం ఆయన గ్రంథానికి మూలం. ఈ 64 గళ్ళ మొత్తాన్ని భూతసంఖ్యలలో చెప్పే తెలుగు పద్యమొకటి మల్లన పేరుతో ప్రసిద్ధమై ఉంది. ఆ మొత్తం 18446744073709551615. ఇది 2⁶⁴ − 1.

గళ్ళ మొత్తాన్ని కూడుకుంటూ పోతే ఒక చక్కని నియమం కనిపిస్తుంది. మొదటి రెండు గళ్ళ మొత్తం 1 + 2 = 3, అంటే 4 కంటె ఒకటి తక్కువ. మూడు గళ్ళ మొత్తం 7, అంటే 8 కంటె ఒకటి తక్కువ. ఎన్ని గళ్ళు కూడినా వచ్చే మొత్తం తరువాతి గడిలో వేయవలసిన దానికంటె సరిగ్గా ఒకటి తక్కువగా ఉంటుంది. ఆ విధంగా మొదటి 31 గళ్ళ మొత్తం 2147483647 అవుతుంది.

ఆర్మూరు ప్రాంతపు పిల్లలకు ఈ లెక్కను గోధుమ గింజలకు బదులు పసుపు కొమ్ములతో చెబితే త్వరగా పట్టుకుంటారు. కిలోకు వంద కొమ్ములు తూగుతాయని అనుకుందాం. మొదటి పది గళ్ళకు 1023 కొమ్ములు, అనగా పది కిలోల పైచిలుకు. ఇరవై గళ్ళకు 10,48,575 కొమ్ములు, అనగా దాదాపు 105 క్వింటాళ్ళు, ఒక లారీ లోడు. ముప్పై ఒక్క గళ్ళు నిండే సరికి 2,14,748 క్వింటాళ్ళు అవుతాయి. ఇరవైకి, ముప్పై ఒకటికి మధ్య ఉన్న తేడా పదకొండు గళ్ళే. కాని ఆ పదకొండు గళ్ళలో లారీ లోడు రెండు వేల లారీలకు పెరిగిపోయింది.

మల్లన పద్యంలోని 64 గళ్ళ మొత్తం ప్రధాన సంఖ్య కాదు. దాని అంకెలు కూడితేనే 3 చేత భాగింపబడుతుందని తెలిసిపోతుంది. దాని పూర్తి విభజన 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. గళ్ళ సంఖ్య సంయుక్త సంఖ్య అయితే మొత్తం కూడా తప్పక సంయుక్త సంఖ్యే అవుతుంది. ఉదాహరణకు 15 గళ్ళ మొత్తం 32767. 15ను 3 భాగిస్తుంది గనుక, 3 గళ్ళ మొత్తమైన 7 ఈ 32767ను భాగిస్తుంది. కాబట్టి మొత్తం ప్రధాన సంఖ్య కావాలంటే గళ్ళ సంఖ్య ప్రధాన సంఖ్య అయి తీరాలి. అయితే అది ఉన్నంత మాత్రాన సరిపోదు. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. 11 ప్రధాన సంఖ్యే కాని, 11 గళ్ళ మొత్తం 2047 = 23 × 89. చదరంగపు బల్ల మీద వచ్చే 64 మొత్తాలలో ప్రధాన సంఖ్యలు తొమ్మిదే. అవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ళ దగ్గర వస్తాయి.

మల్లన వాడిన భూతసంఖ్యల పద్ధతిలో 2147483647ను కూడా చెప్పవచ్చును. ఈ పద్ధతిలో ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి కుడి నుండి ఎడమకు అంకెలు చెప్పాలి. గిరి (7), వేద (4), రస (6), అగ్ని (3), గజ (8), అబ్ధి (4), నగ (7), యుగ (4), శశి (1), నేత్ర (2) అంటే సరిపోతుంది.

నిరూపణకు ముందు చరిత్ర

ఈ సంఖ్య ప్రధానమని మొదట అన్నవాడు ఆయిలర్ కాదు. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన పియెత్రో కటాల్డి 750 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక తయారు చేసుకొని, దాని సాయంతో 1588లో 2¹⁷ − 1 (131071), 2¹⁹ − 1 (524287) ప్రధాన సంఖ్యలని నిర్ధారించాడు. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడానికి దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 524287 వర్గమూలం 724 కంటె కొద్దిగా ఎక్కువ. కాబట్టి 750 వరకు ఉన్న పట్టిక దానికి సరిపోయింది. అంతవరకు కటాల్డి పని తప్పులేనిది.

1603లో వెలువరించిన పుస్తకంలో ఆయన ఒక అడుగు ముందుకు వేసి, ఘాతాంకం 23, 29, 31, 37 అయినప్పుడు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయని వ్రాశాడు. వాటి వర్గమూలాలు ఆయన పట్టికను దాటిపోతాయి. 1640లో ఫ్రాన్సు దేశపు పియర్ ద ఫెర్మా 2²³ − 1 ను 47, 2³⁷ − 1 ను 223 భాగిస్తాయని చూపాడు. 1738లో ఆయిలర్ 2²⁹ − 1 ను 233 భాగిస్తుందని చూపాడు. నాలుగింటిలో మూడు తప్పాయి, 31 ఒక్కటే నిలిచింది. 47, 223, 233 మూడూ 750 లోపువే. అంటే కటాల్డి తన పట్టికలో ఉన్న సంఖ్యలతోనే భాగించి చూసి ఉంటే ఆ మూడు తప్పులూ బయటపడేవి. ఆయన భాగించలేదనే అనుకోవాలి. కాబట్టి 31 విషయంలో ఆయన చెప్పినది నిజమే అయినా, దానిని నిరూపణగా లెక్కలోకి తీసుకోరు.

1644లో పారిస్ నగరంలోని మతాచార్యుడు మారిన్ మెర్సెన్ 257 వరకు గల ఘాతాంకాలలో ప్రధాన సంఖ్యలనిచ్చేవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమేనని ప్రకటించాడు. ఈ జాబితా వల్లనే ఈ రకం సంఖ్యలకు ఆయన పేరు వచ్చింది. ఇందులో కూడా 31 ఉంది, ఇందులో కూడా నిరూపణ లేదు. జాబితాలోని 67, 257 తప్పు. 61, 89, 107 ఉండవలసినవి, లేవు. ఈ తప్పులన్నీ తేలడానికి సుమారు మూడు వందల సంవత్సరాలు పట్టింది. 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్య అని 1876లో లూకా చూపినా, దాని కారణాంకాలు 193707721, 761838257287 అని 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ చెప్పేవరకు ఎవరికీ తెలియలేదు.

ఆయిలర్ నిరూపణ

2147483647 వర్గమూలం 46340 కంటె కొంచెం ఎక్కువ (46340 × 46340 = 2147395600). 46340 లోపు సుమారు 4,800 ప్రధాన సంఖ్యలున్నాయి. ఒక్కొక్కదానితో పది అంకెల సంఖ్యను భాగించుకుంటూ పోవడం చేతితో చేసేవారికి నెలల పని. ఆయిలర్ చేసినది, ఆ భాగహారాలలో చాలావరకు అవసరమే లేదని ముందుగా చూపడం. ఆయన వాడుకున్న విషయాలు రెండు. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా వీటిని అనుసరించగలడు.

మొదటిది శేషాల చక్రం. ఒక బేసి ప్రధాన సంఖ్యను తీసుకొని 2 యొక్క ఘాతాలను వరుసగా దానితో భాగిస్తూ పోతే శేషాలు ఒక చోట 1కి చేరి, అక్కడి నుండి మళ్ళీ మొదటికి వస్తాయి. ఉదాహరణకు 23తో భాగిస్తే వచ్చే శేషాలు 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. పదకొండవ మెట్టులో 1 వచ్చింది, కనుక ఇక్కడ చక్రం పొడవు 11. 2¹¹ను 23 చేత భాగిస్తే శేషం 1 అంటే 2¹¹ − 1 ను 23 శేషం లేకుండా భాగిస్తుందన్నమాట. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఈ చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్య కంటె ఒకటి తక్కువైన సంఖ్యను భాగిస్తుంది. 11 చేత 22 భాగింపబడుతుంది కదా.

ఇప్పుడు 2³¹ − 1 ను 'ప' అనే ప్రధాన సంఖ్య భాగిస్తుందని అనుకుందాం. అప్పుడు 31వ మెట్టులో శేషం 1 రావాలి. కాబట్టి చక్రం పొడవు 31ని భాగించాలి. 31 స్వయంగా ప్రధాన సంఖ్య గనుక చక్రం పొడవు 1 లేదా 31 కావాలి. 1 కాజాలదు, ఎందుకంటే మొదటి శేషం 2. కనుక అది 31. ఫెర్మా సిద్ధాంతం వల్ల ప − 1 ను 31 భాగించాలి. ప బేసి సంఖ్య గనుక ప − 1 సరి సంఖ్య. అందువల్ల ప − 1 ను 62 భాగించాలి. అంటే ప అనేది 63, 125, 187, 249, 311 ఇలా 62 చొప్పున పెరిగే వరుసలోనే ఉండాలి. 46340 లోపు ఆ వరుసలో 747 సంఖ్యలే ఉన్నాయి.

రెండవది వర్గ సంఖ్యలకు సంబంధించినది. 2³¹ను ప చేత భాగిస్తే శేషం 1 గనుక, 2³²ను భాగిస్తే శేషం 2 రావాలి. 2³² అంటే 65536 యొక్క వర్గం. అనగా ఒక వర్గ సంఖ్యను ప చేత భాగిస్తే శేషం 2 వస్తున్నది. అన్ని ప్రధాన సంఖ్యలకూ ఇది సాధ్యం కాదు. 7కు సాధ్యమే (9ని 7 చేత భాగిస్తే 2), 17కు సాధ్యమే (36ను 17 చేత భాగిస్తే 2), 23కు సాధ్యమే (25ను 23 చేత భాగిస్తే 2). కాని 3, 5, 11, 13లకు ఎంత వెదకినా అలాంటి వర్గ సంఖ్య దొరకదు. 8 చేత భాగించినప్పుడు 1 లేదా 7 శేషంగా మిగిలే ప్రధాన సంఖ్యలకు మాత్రమే ఇది సాధ్యమనేది సంఖ్యా సిద్ధాంతంలో ప్రసిద్ధమైన ఫలితం.

ఈ రెండు షరతులనూ కలిపితే, ప అనే సంఖ్యను 248 చేత భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని కావాలి. ఆయిలర్ తన లేఖలో చెప్పినవి ఈ రెండు రూపాలే. 46340 లోపు ఈ రూపాలలో ఉన్నవి 373 సంఖ్యలు. అందులో మొదటిదైన 63 ప్రధాన సంఖ్య కాదని చూడగానే తెలుస్తుంది గనుక మిగిలినవి 372. వీటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివి తీసివేస్తే దాదాపు ఎనభై మాత్రమే మిగులుతాయి. వరుసలో మొదటివి 311, 1303, 1489, 2543. 311తో భాగిస్తే లబ్ధం 6905092, శేషం 35. 1303తో భాగిస్తే లబ్ధం 1648107, శేషం 226. 1489తో భాగిస్తే శేషం 199. ఇలా చివరి వరకు ఏ ఒక్కటీ శేషం లేకుండా భాగించలేదు. కనుక 2147483647 ప్రధాన సంఖ్య.

4,800 భాగహారాల పని ఎనభైకి తగ్గింది. ఒక్కొక్క భాగహారానికి ఐదు నిమిషాలు వేసుకున్నా ఒక రోజులో ముగిసే పని. క్యాలిక్యులేటరు ఉన్న విద్యార్థి ఈ నిరూపణను పూర్తిగా తానే సరిచూసుకోవచ్చును. పెద్ద సంఖ్యల విషయంలో ఇటువంటి అవకాశం అరుదు.

లూకా, లేమర్ పరీక్ష

ఫ్రాన్సు గణితవేత్త ఎడువార్డ్ లూకా 1876లో భాగహారాలతో పని లేని మరొక మార్గం చూపాడు. అమెరికా గణితవేత్త డి. హెచ్. లేమర్ 1930లో దానిని సులభం చేశాడు. 4తో మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. ఘాతాంకం కంటె రెండు తక్కువ మెట్లు పూర్తయ్యాక శేషం సున్న అయితే ఆ సంఖ్య ప్రధానం, లేకపోతే కాదు. 127 (2⁷ − 1) కోసం ఐదు మెట్లు చేస్తే 4 నుండి వరుసగా 14, 67, 42, 111, 0 వస్తాయి. 2147483647 కోసం 29 మెట్లు చాలు. అయితే ప్రతి మెట్టులోనూ పది అంకెల సంఖ్యను వర్గం చేయాలి గనుక, చేతితో చేసేవారికి ఆయిలర్ దారే నయమనిపిస్తుంది. ఘాతాంకం పెరిగే కొద్దీ లూకా దారి ఎంతో ముందుకు పోతుంది. 39 అంకెలు గల 2¹²⁷ − 1 ప్రధానమని లూకా 1876లోనే ఈ విధంగా చేతితో తేల్చాడు. 2⁶¹ − 1 ప్రధానమని రష్యాకు చెందిన పెర్వూషిన్ 1883లో చూపాడు.

పరిపూర్ణ సంఖ్యతో సంబంధం

తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నింటి మొత్తానికి సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1 + 2 + 3 ఒకటి, 28 = 1 + 2 + 4 + 7 + 14 మరొకటి. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్యకూ ఒక పరిపూర్ణ సంఖ్య ఉంటుందని యూక్లిడ్ చూపాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ విధంగా వచ్చేవేనని రెండు వేల ఏళ్ళ తరువాత ఆయిలర్ నిరూపించాడు. 2147483647ను 2³⁰ (1073741824) చేత గుణిస్తే వచ్చే 2305843008139952128 ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య. దీనిలో 19 అంకెలున్నాయి.

ఇంగ్లాండుకు చెందిన పీటర్ బార్లో 1811లో ప్రచురించిన సంఖ్యా సిద్ధాంత గ్రంథంలో ఈ పరిపూర్ణ సంఖ్యను గురించి వ్రాస్తూ, ఇంతకంటె పెద్దది ఎప్పటికీ ఎవరూ కనుగొనరని, ఇవి వింతలే గాని ఉపయోగం లేనివి గనుక ఎవరూ ఆ ప్రయత్నమే చేయరని అభిప్రాయపడ్డాడు. ఆ అంచనా 72 సంవత్సరాలకు మించి నిలువలేదు. నిజానికి లూకా చేసిన పనిని లెక్కలోకి తీసుకుంటే 65 సంవత్సరాలే.

ఇతర లక్షణాలు

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య వరుసగా 31 ఒకట్లు. అష్టాంశ మానంలో 1 తరువాత పది 7లు. 2 మొదలుకొని లెక్కపెడితే ఇది 10,50,97,565వ ప్రధాన సంఖ్య. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తరువాతది 2147483659. రెండు వైపులా దూరం ఎక్కువగా ఉన్నందున దీనికి కవల ప్రధాన సంఖ్య లేదు. దీనిని 4 చేత భాగిస్తే శేషం 3 కాబట్టి, 13 = 4 + 9 అన్నట్లుగా రెండు వర్గ సంఖ్యల మొత్తంగా దీనిని వ్రాయలేము.

ఘాతాంకమైన 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే (2⁵ − 1). ఇలా ఘాతాంకం కూడా మెర్సెన్ ప్రధానమైన మెర్సెన్ ప్రధాన సంఖ్యలు ఇప్పటికి నాలుగే తెలుసు. అవి 7, 127, 2147483647, 2¹²⁷ − 1. ఇదే మార్గంలో మరొక మెట్టు ఎక్కి, 2147483647ను ఘాతాంకంగా తీసుకొని 1 తగ్గిస్తే సుమారు 64.6 కోట్ల అంకెల సంఖ్య వస్తుంది. అది మాత్రం ప్రధాన సంఖ్య కాదు, 295257526626031 దానిని భాగిస్తుంది. ఆ భాజకం నుండి 1 తీసివేస్తే వచ్చేది 2147483647 × 2 × 68745. పైన ఆయిలర్ నిరూపణలో 62 వచ్చిన నియమమే ఇక్కడ కూడా పనిచేసింది.

ఒకటి తక్కువైన 2147483646 విభజన 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331. ఇన్ని చిన్న కారణాంకాలుగా విడిపోవడం వల్ల ఈ ప్రధాన సంఖ్యతో శేషాల చక్రాలను పరిశీలించడం సులువు. 2 యొక్క చక్రం పొడవు 31 మాత్రమే అయితే, 7 యొక్క చక్రం పూర్తిగా 2147483646 మెట్లు తిరిగి గాని మొదటికి రాదు. అంటే 7 యొక్క ఘాతాల శేషాలుగా 1 నుండి 2147483646 వరకు ఉన్న ప్రతి సంఖ్యా ఒక్కమారు వస్తుంది. ఈ లక్షణం కలిగిన వాటిలో 7 అతి చిన్నది.

యాదృచ్ఛిక సంఖ్యల తయారీ

పై లక్షణానికి ఆచరణలో ఉపయోగం దొరికింది. పాచికలు వేసినట్లు క్రమం తెలియని సంఖ్యలు కంప్యూటరుకు కావలసి వస్తే, చేతిలో ఉన్న సంఖ్యను ఒక స్థిర సంఖ్యతో గుణించి 2147483647 చేత భాగించి శేషం తీసుకొనే పద్ధతి ఉంది. ఈ రకం పద్ధతిని రూపొందించినది పైన చెప్పిన లేమరే. గుణకంగా 7⁵, అంటే 16807, వాడే రూపాన్ని స్టీఫెన్ పార్క్, కీత్ మిల్లర్ 1988లో కనీస ప్రమాణంగా సిఫారసు చేశారు. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073 వస్తాయి. ఇలా రెండు వందల కోట్లకు పైగా సంఖ్యలు వచ్చాక గాని 1 తిరిగి రాదు. 2011 నాటి సి++ భాషా ప్రమాణంలో కూడా ఈ పద్ధతికి చోటు ఉంది. అయితే ఒక శేషం తెలిస్తే తరువాతివన్నీ లెక్కకట్టవచ్చును గనుక రహస్య సంకేతాలకు ఇది పనికిరాదు. ఆ పనికి వాడే ప్రధాన సంఖ్యలలో వందల అంకెలుంటాయి.

ప్రధాన సంఖ్యల పరీక్ష, తరువాతి కాలం

2002లో కాన్పూరు ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా సరే అది ప్రధానమా కాదా అని, అంకెల సంఖ్యతో పోలిస్తే మరీ పెరిగిపోని కాలంలో, సందేహానికి తావు లేకుండా తేల్చే పద్ధతిని కనుగొన్నారు. మెర్సెన్ సంఖ్యల విషయంలో మాత్రం లూకా, లేమర్ పరీక్షే వేగవంతమైనది. 2024 అక్టోబరులో ప్రకటించిన 2 యొక్క 13,62,79,841వ ఘాతం కంటె ఒకటి తక్కువైన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. ఆయిలర్ సంఖ్యలో పది అంకెలే.

కంప్యూటర్లలో

చాలాకాలం కంప్యూటర్లు పూర్ణసంఖ్యలను 32 బిట్ల గళ్ళలో నిలువ చేసేవి. ఒక బిట్టు ధన, ఋణ గుర్తుకు పోగా 31 బిట్లు మిగులుతాయి. వాటన్నింటిలోనూ 1 వేస్తే వచ్చేది 2147483647. దీనికి ఇంకొకటి కలిపితే గడి పొంగి, చాలా యంత్రాలలో సంఖ్య −2147483648గా మారిపోతుంది. లెక్క పుస్తకంలో లాభం ఒక్క రూపాయి పెరగగానే అంతకు అంత నష్టంగా కనబడినట్లు ఉంటుంది. ఇక్కడ ఇది ప్రధాన సంఖ్య అయినందువల్ల వచ్చిన చిక్కేమీ లేదు, 31 గళ్ళు నిండిపోవడమే కారణం.

2014 డిసెంబరులో యూట్యూబులో దక్షిణ కొరియా పాట గంగ్నమ్ స్టైల్ వీక్షణల సంఖ్య ఈ హద్దును దాటినందున, ఆ లెక్కింపును 64 బిట్లకు మార్చినట్లు యూట్యూబు ప్రకటించింది.

ఇంతకంటె గంభీరమైనది 2038 సమస్య. యూనిక్స్, దాని తరహా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచ్ కాలమానం అర్ధరాత్రి నుండి గడచిన సెకన్లుగా లెక్కిస్తాయి. ఈ లెక్కను 32 బిట్ల గడిలో ఉంచిన చోట 2147483647 సెకన్లు పూర్తయ్యే క్షణం 2038 జనవరి 19, గ్రీనిచ్ కాలమానం 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. కొత్త వ్యవస్థలు చాలావరకు 64 బిట్లకు మారాయి. పాత యంత్రాలలో, పరికరాలలో ఇమిడి ఉన్న చిన్న కంప్యూటర్లలో, పాత పద్ధతిలో భద్రపరచిన దత్తాంశంలో 32 బిట్ల లెక్క మిగిలి ఉన్నచోట ఇబ్బంది వస్తుంది. దూరపు గడువులున్న అప్పులు, భీమా వంటి లెక్కలు ఆ తేదీని ముందుగానే తాకుతాయి. 20 ఏళ్ళ గడువుతో 2018 తరువాత తీసుకొన్న అప్పు చివరి వాయిదా 2038 దాటిపోతుంది. మార్చని గడియారంలో భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తరువాతి సెకను, 1901 డిసెంబరు 14 తెల్లవారుజామున 2 గంటల 15 నిమిషాల 52 సెకన్లుగా కనిపిస్తుంది.